మోటు మట్టిపాత్ర: జపానునందును ఖరగపురమునందును

కుమ్మరి సారెపై త్రిప్పియో, సారె లేకుండ చేతివ్రేళ్ళతోనే మలచియో, అంచును సమము చేయక, ఒడలిపై వ్రేలిజాడలను చెరపక, పూత ఎంతవఱకు జారినదో అంతవఱకే నిలువనిచ్చి, తీవ్రాగ్నిలో రాతివలె గట్టిపడువఱకు కాల్చిన గిన్నెను జపానీయులు తమ తేనీటి గోష్ఠులలో ఉత్తమపాత్రముగా నెన్నుదురు. చూపునకు మోటుగాను ఒకింత వంకరగాను ఉండు ఈ గిన్నెలలో కొన్ని జాతీయనిధులుగా ప్రకటింపబడి, దేవాలయములందును ప్రదర్శనశాలలందును భద్రముగా నున్నవి. తెలుగిండ్లలో పింగాణీ యను సామాన్యనామముతో చెలామణి యగు వస్తువులలో నిది యొక తెగ. అసలు పింగాణీకంటె బరువైనది, మందమైనది, వెలుతురును తనగుండ పోనీయనిది. ఈ వ్యాసమున దీనిని రాతిమట్టిపాత్ర యని వ్యవహరింతుము.

పశ్చిమవంగమందలి ఖరగపురమునకును ఈ పాత్రకును సంబంధమేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆ రైల్వేపట్టణమున రెండు మట్టిపాత్రలు నేటికిని మనుష్యుల చేతులలో మెలగుచున్నవి. ఒకటి స్టేషనులోను బజారులోను తేనీరు పోసి యిచ్చు భాఁడు. రెండవది తెలుగు రైల్వేకుటుంబముల వంటయింటిలో ఊరగాయను కాపాడు జాడీ. మొదటిది రూపమున జపాను గిన్నెకు చేరువ. రెండవది ద్రవ్యమున దానికి సజాతీయము. ఈ రెంటిని చేతబట్టి, త్రిప్పి, బోర్లించి చూచినవానికి జపాను గిన్నె యొక్క గుణము గ్రంథములు చదివినదానికంటె సులభముగా బోధపడును.

మట్టిపాత్ర జాతిని నిర్ణయించునది మంట. బంకమట్టిని సుమారు 800 మొదలు 1,000 డిగ్రీల సెల్సియస్ వఱకు కాల్చినచో అందలి రేణువులు ఒకదాని నొకటి అంటుకొనునే కాని, వాని నడిమి సందులు పూడవు. కుండ, కడవ, ముంత, పిడత, మూకుడు, ప్రమిద ఇవన్నియు ఈ తెగవే. కూజాలో నీరు చల్లబడుటకు ఈ సూక్ష్మరంధ్రములే కారణము. అదే మంటను 1,200 మొదలు 1,300 డిగ్రీల వఱకు ఎక్కించినచో, ఆ వేడికి తాళగల మట్టియైన పక్షమున, దానిలోని ఫెల్స్‌పారు మొదలగు ఖనిజములు కరగి గాజై సందులను పూడ్చును. అదియే రాతిమట్టి. పూత లేకున్నను దానినుండి నీరు కారదు. వ్రేలితో మీటిన ఖంగుమనును. ఉప్పుగాని పులుపుగాని దానిని తినివేయజాలదు. తెల్లని కేయొలిన్ మట్టిని కూర్చి, మఱింత వేడిమిలో, వెలుతురు ప్రసరించునంత పలుచగా చేసినది అసలు పింగాణీ.

తాళగల మట్టి యన్నచోటనే ఖరగపురపు కథ ఆరంభమగుచున్నది. కంసావతీనదికి దక్షిణమున, మేదినీపురమున కెదురుగా నున్న ఈ ప్రదేశము ఎఱ్ఱని లాటరైటు నేల. పరిసరముల యేటిగట్లనుండియు పొలములనుండియు కుమ్మరులు త్రవ్వితెచ్చు మట్టిలో ఇనుము విశేషముగా నుండును. కాల్చిన పాత్రకు చక్కని యెఱుపు నిచ్చునది ఆ యినుమే. వేడిమి మితిమీరినపుడు మట్టిని కరగించి పాత్రను క్రుంగజేయునదియు ఆ యినుమే. కావున ఈ మట్టితో భాఁడును, కుండను, దేవాలయకుడ్యములకు శిల్పఫలకములను చేయవచ్చును. రాతిమట్టిని చేయుట దుర్లభము. ఖరగపురమునుండి ఆద్రాకు పోవు రైలుమార్గమందలి విష్ణుపురమున మల్లరాజులు 17వ శతాబ్దమున కట్టించిన శ్యామరాయ మందిరము, జోడు బంగళా మందిరము, మదనమోహన మందిరము ఈ తక్కువమంట మట్టితో సాధింపదగిన పరాకాష్ఠ కుదాహరణములు. ఆ ప్రాంతమందలి పాంచ్‌మురా గ్రామపు కుమ్మరులు చేయు పొడుగుమెడ గుఱ్ఱములు భారతదేశ హస్తకళలకే చిహ్నములైనవి. తక్కువ మంటను తక్కువ విద్యగా నెంచువారు ఈ గోడలను చూచిన వెనుక ఆ మాట యనజాలరు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ శతాబ్దపు చివరి యేండ్లలో ఈ యెఱ్ఱనేలపై కూడలిని నెలకొల్పి, పిమ్మట గొప్ప కర్మశాలను కట్టెను. 1902లో వాల్తేరు మొదలు కటకము వఱకు గల తూర్పుతీర రైలుమార్గము ఆ కంపెనీ యధీనమునకు వచ్చుటతో గంజాము, విశాఖపట్టణ మండలముల తెలుగువారికి ఖరగపురము ఒక రైలుబండి దూరమయ్యెను. బొగ్గు వేయువారుగా, ఫిట్టర్లుగా, గ్యాంగుమనుష్యులుగా, గుమాస్తాలుగా వచ్చినవారు ఓల్డ్ సెటిల్‌మెంటు, న్యూ సెటిల్‌మెంటు, మథురాకాటి, నింపురా మొదలగు రైల్వే నివాసములలో తరతరములుగా స్థిరపడిరి. అచ్చటి తెలుగువారి సంఖ్యను, చిరకాలపు కోరికను గుర్తించి పశ్చిమవంగ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు రాష్ట్రమందు అధికారభాషాస్థాన మొసగ నిర్ణయించెను. ఈ చరిత్ర మిక్కిలి విస్తృతమైనది. ఇచ్చట మనకు కావలసినది ఆ బండ్లలో వచ్చిన సామానులో జాడీ యుండుట.

ముందుగా భాఁడును చూతము. ఖరగపురపు స్టేషనునందలి ప్లాట్‌ఫారము 1,072.5 మీటర్ల పొడవు గలది. 2013లో గోరఖ్‌పూరున దీనిని మించినది నిర్మింపబడువఱకు ప్రపంచములోకెల్ల దీర్ఘమైనదిగా పేరొందెను. అంత పొడవైన వేదికపై తెల్లవారుజామున బండి దిగినవాని చేతికి అందు తేనీరు మట్టిలో వచ్చినపుడు, దాని రుచికి తడిమట్టి వాసన తోడగును. పాత్ర లోపలిగోడపై క్రిందినుండి పైకి చుట్టుకొనిపోవు మెలికలు కుమ్మరి వ్రేళ్ళు పోయిన త్రోవ. సారెపై నొక పెద్ద ముద్ద నుంచి, దాని కొసనుండి ఒకదానివెంట నొకటిగా పాత్రలను లేవదీసి, తిరుగుచుండగనే నూలుపోగుతో తెగగోయుటవలన అడుగున శంఖమును పోలిన గీతలు నిలిచిపోవును. అంచు ఒకచోట పలుచన, ఒకచోట మందము; పెదవికి గరగరగా తగులును. ఆవములో పొగ తగిలినవైపు నలుపు, మంట తగిలినవైపు ఎఱుపు. ఏ రెండును ఒకటిగా నుండవు. ఇవి యన్నియు కుమ్మరి వేగమునుండి, ధర తక్కువ యగుటనుండి పుట్టిన లక్షణములు. అలంకారమునకై చేసినవి కావు.

జపానునందు తేయాకు పొడి నుంచు చిన్న భరిణెల అడుగున కూడ ఇదే పోగుకోత యుండును. రసజ్ఞులు భరిణెను త్రిప్పి ఆ గీతల సొంపును పరీక్షించి, దానినిబట్టి కర్తను, కాలమును ఊహింతురు. పెద్ద ముద్దనుండి పాత్రలను లేవదీయు పద్ధతియు వారికి కలదు. విద్య ఒకటే యనదగినంత చేరువైనను, ఒకచోట ఆ గీత శతాబ్దములు చూపరుల కన్నులకు విందగుచుండగా, మఱియొకచోట పట్టాల ప్రక్కన నిమిషములో పెంకగుచున్నది.

భాఁడును పాఱవేయుటకు కారణము దారిద్ర్యముగాని అనాదరముగాని కాదు, ఎంగిలి పట్టింపు. ఒకరు త్రాగిన మట్టిపాత్రలో ఇంకొకరు త్రాగరాదు. రంధ్రములు గల పాత్ర కడిగినను పూర్తిగా శుద్ధి కాదన్న యెఱుక ఆ యాచారమున కాధారము. పెంకు మట్టిలో కలిసిపోవునని లోకులందురు గాని, ఒకమారు సుమారు 600 డిగ్రీలు దాటి కాలిన మట్టి తనలోని బంధితజలమును కోల్పోయి మరల బంకమట్టి కానేరదు. అది పెంకుగనే, క్రమముగా నలిగి ఇసుకగనే యుండును. అయినను భూమికి విషము కాదు. ప్లాస్టిక్కునకు అంతమాత్రము చెప్పజాలము. 2004లో రైల్వేమంత్రి లాలూప్రసాదు స్టేషనులందు మట్టిపాత్రలను ప్రవేశపెట్టెను. కొలదికాలమునకే అవి వెనుకబడి కాగితపు కప్పులు నిండెను. 2020 నవంబరులో మరల నాటి రైల్వేమంత్రి, సుమారు 400 స్టేషనులలో తేనీరు మట్టిపాత్రలలోనే యిచ్చుచున్నారనియు, దేశమంతట అట్లు చేయదలచితిమనియు ప్రకటించెను. ఆజ్ఞలతో నిలువని యీ పాత్ర వంగదేశమున ఆజ్ఞ లేకుండగనే నిలిచియున్నది. ఖరగపురపు గోల్‌బజారులోని దుకాణదారుడు భాఁడులో పోసిన తేనీటికి ఒకటి రెండు రూపాయలు ఎక్కువ అడిగినను జనులు గొణుగక యిచ్చుట మంచి లక్షణమని నా యభిప్రాయము.

రాతిమట్టి వంగదేశమునకు వేఱొక మార్గమున వచ్చినది. రాణీగంజు బొగ్గుగనుల ప్రాంతమున వేడికి తాళు మట్టియు, ఆ వేడిని పుట్టించు బొగ్గును ప్రక్కప్రక్కనే దొరకుటచేత, కలకత్తాకు చెందిన బర్న్ కంపెనీ 19వ శతాబ్దమున అచ్చట కర్మాగారమును స్థాపించి రాతిమట్టి గొట్టములను చేయించెను. పట్టణముల మురుగునీటి మార్గములకు వాడిన ఈ గొట్టములపై మెఱయు పూత ఉప్పుతో పుట్టును: ఆవము సుమారు 1,200 డిగ్రీల కెక్కినపుడు లోనికి ఉప్పు చల్లినచో అది ఆవిరియై, అందలి సోడియము మట్టిలోని సిలికాతో కలిసి, నారింజతొక్కవలె సన్నని గుంటలుగల గాజుపొరగా పాత్రపై పేరుకొనును. స్వాతంత్ర్యానంతరము 1950లో కలకత్తాయందలి జాదవపురమున నెలకొన్న కేంద్రీయ గాజు, మృత్పాత్ర పరిశోధనాలయము ఈ విద్యకు శాస్త్రీయమైన పునాది కల్పించెను.

ఇక జాడీ. ఆంధ్రదేశమున ఊరగాయ జాడీ యుండని గృహస్థుని యిల్లు అరుదు. ఉండియు దానిని కళావస్తువుగా చూచినవాడు అంతకంటెను అరుదు. సాధారణముగా పై సగము తేనెరంగుగాని ముదురు గోధుమరంగుగాని, క్రింది సగము మీగడ తెలుపు. ఈ రెండు పూతలు కలియుచోట గీత నేరుగా నుండదు. ముదురుపూత తెలుపుమీదికి చిన్న నాలుకలుగా జారియుండును. భుజముకడ, పూత పలుచబడినచోట, మట్టిరంగు తొంగిచూచును. జాడీని బోర్లించినచో అడుగున పూతలేని గరుకు వలయము కనబడును; ఆవములో పాత్ర దిమ్మకు అతుకుకొనకుండ అచ్చటి పూతను తుడిచివేయుదురు. పాతజాడీలలో ఒక్కొక్కచోట సూదిమొన యంత గుంట, మంటలో ఎగిరిపడిన బూడిద చుక్క, ఆవములో ప్రక్కజాడీ తాకిన మచ్చ కానవచ్చును. కొనువారు వీనిని చూడరు. వారు వ్రేలితో మీటి వినుదురు. ఖంగుమన్నచో తీసికొందురు, బొంగురుగా పలికినచో బీట ఉన్నదని విడిచిపెట్టుదురు. మన పెద్దమ్మలు, మేనత్తలు సంతలో చేయు ఈ పరీక్ష పారిశ్రామికుల ప్రయోగశాలలందును చెల్లునట్టిది. రేణువుల సందులు పూడినవో లేదో, గోడ ఎడతెగక యున్నదో లేదో ఆ ధ్వని చెప్పును.

ఆవకాయకు ఈ పాత్రయే యేల? మామిడిముక్కల పులుపును ఉప్పును కలిసి యిత్తడికి చిలుము పట్టించును, ఇనుమును తినివేయును. మామూలు మట్టికుండలో పెట్టినచో ఉప్పునీరు గోడలోనికి ఊరి, వెలుపల స్ఫటికములై పొటమరించి, కుండ పొరలు పొరలుగా రాలిపోవును. నూనె జిడ్డుగా చెమర్చును. రాతిమట్టికి ఈ బాధ లేదు. ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపిన ముక్కలను జాడీలో నింపి, తెల్లని గుడ్డతో వాసెన కట్టి, మూడవనాడు తిరుగగలిపి, మరల వాసెన కట్టి అటకపైకి ఎక్కించినచో వచ్చు వేసవివఱకు చెడదు. నెల్లూరు మండలమందలి గూడూరునను, ఉత్తరదేశమున ఖుర్జా, చునారులందును ఇట్టి జాడీలు విరివిగా తయారైనవి. ఖరగపురమునకు వేసవిసెలవుల తరువాత స్వగ్రామములనుండి తిరిగివచ్చు కుటుంబములు జాడీకి వరిగడ్డి చుట్టి, గోనెలో పెట్టి, బల్లక్రింద కదలకుండ ఒదిగించి తెచ్చుకొనెడివారు. వంగదేశపు బజారున సమస్తమును దొరకినను ఆ జాడీలోనిది దొరకదు. పుట్టిన యూరికి దూరముగా తెలుగుతనమును నిలిపిన వస్తువులను లెక్కింపవలసివచ్చినచో జాడీని మొదటి వరుసలోనే చేర్పవలయును.

గడ్డి యన్న మాట వచ్చినది గనుక జపానునందలి బిజెన్ పాత్రలను ఇచ్చటనే పేర్కొనుట యుక్తము. బిజెన్, షిగరకి, సెతొ, తొకొనమె, తంబ, ఎచిజెన్ అను ఆరు ప్రాచీన ఆవకేంద్రములలో నిది యొకటి. అచ్చటి పాత్రకు పూత వేయరు. కట్టెలతో పది పదునాలుగు దినములు ఎడతెగక కాల్తురు. ఒకదానిపై నొకటి పేర్చునపుడు అతుకుకొనకుండ వరిగడ్డి చుట్టుదురు. గడ్డిలోని పొటాషు, మట్టిలోని యినుము కలిసి, మంట చల్లారిన పిదప పాత్ర యొడలిపై కుంకుమగీతలు నిలుచును. అతుకుకొనకుండుటకై చుట్టిన గడ్డియే చిత్రకారుడైనది. ఆవములో ఎగిరిన కట్టెబూడిద భుజములపై పడి కరగి సహజమైన పూతగా మారుటయు ఇట్టిదే. కుమ్మరి ఆవములో పాత్రను ఏ మూల నుంచవలెనో యెఱుగును. అటుపిమ్మట జరుగునది మంట యిష్టము. ఈ యిష్టమునకు చోటిచ్చుట యందే ఆ దేశపు కుమ్మరుల గొప్పతనమున్నది.

జాడీల చరిత్ర సముద్రవర్తకులతో ముడివడినది. బర్మాతీరమందలి మర్తబాను రేవుపేర ప్రసిద్ధమైన పెద్ద పూతజాడీలు హిందూమహాసముద్రమంతట సంచరించెను. 14వ శతాబ్దమున తూర్పుసముద్రములపై ప్రయాణము చేసిన ఇబ్న్ బతూతా తనకు బహుమతిగా వచ్చిన మర్తబాను జాడీలలో అల్లము, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరవేసి యుండెననియు, అవి సముద్రయాత్రకు సిద్ధపఱచినవనియు వ్రాసెను. దూరప్రయాణమునకు జాడీలో మామిడికాయ అను సంప్రదాయము ఓడలనుండి రైలుబండ్లకు వచ్చుటకు ఆఱు శతాబ్దములు పట్టినది. ఇదే జాతి జాడీలు దక్షిణచీనానుండి, ఫిలిప్పీనులందలి లూజోను మీదుగా జపానును చేరెను. అచ్చటివారు వానిలో తేయాకును నిలువచేసి, క్రమముగా జాడీనే పూజించిరి. 13 లేక 14వ శతాబ్దమున చీనాయందు సరకు నింపుటకై చేయబడిన ఒకానొక జాడీకి వారు చిగుస యని వ్యక్తికి వలె పేరు పెట్టి, మూతికి జరీపట్టు కట్టి, రంగుత్రాళ్ళతో శాస్త్రోక్తమైన ముడులు వేసి, గోష్ఠులలో ప్రదర్శించిరి. 16వ శతాబ్దపు తేనీటి దినచర్యలలో దాని వర్ణనలు కలవు. ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోయినదో తెలుపు పెట్టెలు, వ్రాతలు, ఉత్తరములు దానితోడనే భద్రపఱపబడెను. 2009లో వాషింగ్టను నగరమందలి ఫ్రీర్ ప్రదర్శనశాల ఆ పరివారమంతటితో దానిని సంపాదించెను. మన యటకమీది వాసెన కట్టిన జాడీకిని దీనికిని పనిలో భేదము లేదు.

గిన్నె కథయు ఇట్టిదే. 15వ శతాబ్దమువఱకు జపాను ప్రభువులు చీనాదేశపు నిగనిగలాడు పూతగిన్నెలనే మెచ్చుచుండిరి. తేనీటి గురువైన మురత జుకో (1423-1502) స్వదేశపు మోటుపాత్రలకును గోష్ఠిలో స్థానమిచ్చెను. ఆ మార్గమును సెన్ నో రిక్యూ (1522-1591) పరిపూర్ణ మొనర్చెను. రిక్యూ అభిరుచి ననుసరించి చోజిరో అను శిల్పి సారె లేకుండ చేతులతో మలచి, ఎఱ్ఱగా కాలుచుండగనే పటకారుతో ఆవమునుండి తీసిన నల్లని, ఎఱ్ఱని గిన్నెలను చేసెను. ఇవి రాకు గిన్నెలు. తక్కువమంటవి గనుక శాస్త్రరీత్యా రాతిమట్టి కావు, మన కుండకు దగ్గర. మందపు గోడ సన్నని రంధ్రములతో నుండుటచేత లోని వేడి చేతిని కాల్చదు. రాతిమట్టి గిన్నెలలో అగ్రస్థానమున నున్నది క్యోటో నగరపు దైతోకు-జి విహారమున, కొహో-అన్ అను ఉపాలయమందున్న కిజేమోన్ ఇదో గిన్నె. 16వ శతాబ్దమున కొరియాయందు పేరులేని కుమ్మరి చేసినది. పల్లెప్రజలు అన్నము తినుటకై చేసిన చవుక గిన్నె యని పెక్కురు తలంతురు. సుమారు 15 సెంటిమీటర్ల వెడల్పు, లోకాటు పండు వన్నె, లోపల సారె త్రిప్పిన మెలికలు, అడుగుకడ పూత సరిగా పట్టక ముత్యములవలె గడ్డకట్టినది. శాస్త్రము ననుసరించి ఈ గడ్డకట్టుట దోషమే. ఆ దోషమునే జపానీయులు తనివితీర చూచి, గిన్నెను జాతీయనిధిగా చేసికొనిరి.

ఈ యాదరమునకు చీకటివైపును కలదు. 1592 మొదలు 1598 వఱకు జపాను నేలిన తొయొతొమి హిదెయొషి కొరియాపై జరపిన దండయాత్రలలో అచ్చటి కుమ్మరులు పలువురు చెఱగొనిరాబడిరి. కరత్సు, హగి, సత్సుమ, అరిత పాత్రల వైభవము ఆ బందీల చేతిపని. వారు చేసిన గిన్నెలకు పేర్లు పెట్టి పట్టు చుట్టిన దేశము వారిలో అనేకుల పేర్లనైన నిలుపలేదు.

1931లో కిజేమోన్ గిన్నెను చేతబట్టి చూచిన యనగి సోయెత్సు (1889-1961) దానిని గుఱించి వ్రాసిన వ్యాసము ఆధునికుల యభిప్రాయమును మలచినది. సామాన్యులు సామాన్యులకై చేసిన వస్తువులయందే నిశ్చింతమైన సౌందర్యముండునని ఆయన వాదించి, 1936లో టోక్యోనగరమున జానపదకళల ప్రదర్శనశాలను స్థాపించెను. మిత్రుడు హమాద షోజి (1894-1978) మషికో గ్రామమున స్థిరపడి, అచ్చటి నాసిమట్టితోనే లోకప్రసిద్ధములైన పాత్రలను చేసెను. ఆంగ్లేయుడైన బెర్నార్డు లీచి 1920లో హమాదతో కూడి ఇంగ్లండునందలి సెయింట్ ఐవ్స్‌లో ఆవమును నెలకొల్పి ఈ విద్యను పశ్చిమమునకు కొనిపోయెను. భారతదేశమునకు ఈ ధార నేరుగనే వచ్చినది. జపాను కళాపండితుడైన ఒకకుర కకుజో 1902లో కలకత్తాయందుండి వివేకానందస్వామితోడను ఠాగూరు కుటుంబముతోడను సఖ్యము చేసెను. తేనీటి సంస్కృతిపై ఆయన ఆంగ్లమున వ్రాసిన గ్రంథము 1906లో వెలువడెను. 1919లో జపానునకు పోయి మృత్పాత్రవిద్య నేర్చిన గురుచరణసింగు 1952లో ఢిల్లీయందు తన కుమ్మరిశాలను స్థాపించెను. 1971లో పుదుచ్చేరియందు రే మీకర్, జపానునందు ఈ విద్య నభ్యసించిన డెబొరా స్మిత్ నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ కుమ్మరిశాలలో తయారైన శిష్యులు నేడు దేశమంతట రాతిమట్టిపాత్రలు చేయుచున్నారు.

ఈ పాత్రలకు గిరాకి పెరిగినకొలది ఒక వికారము బయలుదేరినది. యంత్రముతో సమముగా చేసిన గిన్నెను తరువాత ఒత్తి వంచి, అంచును కొఱికినట్లు చేసి, మచ్చలు చల్లి, మోటుపాత్ర యని హెచ్చు ధరకు అమ్ముచున్నారు. రాకు గిన్నెలయందలి బుద్ధిపూర్వకమైన వంకరను సైతము యనగి మెచ్చలేదు; ఆ తీర్పు కఠినమైనను, నేటి యంగడిసరకునకు నూటికి నూఱుపాళ్ళు చెల్లును. భాఁడు అంచునందలి ఎగుడుదిగుడు నిజమైనది, ఎందుకనగా దాని కర్త దానిని గూర్చి తలపలేదు. అతనికి ముద్ద యారకముందే యెన్ని పాత్రలు లేచునన్నదే ధ్యాస. జాడీపై జారిన పూతయు అట్టిదే. వంకర కావలెనని కోరువారు గోల్‌బజారులో తేనీరు త్రాగి, పాత్రను పాఱవేయకముందు ఒకమారు త్రిప్పి చూచుట మేలు.

రూపమునను ద్రవ్యమునను మనకు కొఱతలేదని ఇంతవఱకు చూచితిమి. కొఱతయున్నది ఆకరములయందు. చిగుస జాడీ నేడు గౌరవమందుచున్నదన్నచో దాని పూతకంటె దాని వెంట వచ్చిన దినచర్యలు, ఉత్తరములు, పెట్టెలపై వ్రాతలు అందుకు హెచ్చు కారణము: ఎవరు కొనిరి, ఎప్పుడు చూచిరి, ఎట్లు మెచ్చిరి అను వివరము నాలుగువందల యేండ్లుగా ఎవరో ఒకరు వ్రాసి యుంచిరి. ఖరగపురపు తెలుగిండ్లలో మూడు నాలుగు తరముల నాటి జాడీలు ఇంకను ఉన్నవి. స్టీలు డబ్బాలు, గాజుసీసాలు వచ్చిన పిదప వానిలో పెక్కు వాకిట పూలకుండీలైనవి, లేక క్వార్టరు ఖాళీచేయునాడు వెనుక విడువబడినవి. వాని చరిత్ర తెలిసినది అమ్మమ్మలకు, నాయనమ్మలకు మాత్రమే. కావున జాడీ యున్న ప్రతి కుటుంబమువారును ఒక కాగితముపై దాని యెత్తు, చుట్టుకొలత, అడుగుననున్న ముద్ర, కొన్న యూరు, తెచ్చినవారి పేరు, వారు వచ్చిన యేడు, అందు పెట్టిన ఊరగాయలు, తగిలిన దెబ్బలు వ్రాసి, జాడీలోనే యుంచవలసినదిగా ప్రార్థించుచున్నాము. వ్రాయుటకు పెద్దల జ్ఞాపకము కావలయును; ఆ పెద్దలున్నపుడే అడుగుడు.